ఒకే తొట్టిలో రెండు చేతులు

ఇంటి నుంచి, వెనక గది

శ్రీవారికి,

మీరు క్షేమంగా చేరారని అత్తయ్య ఫోనులో విని చెప్పింది. నా చేతికి ఫోను వచ్చేసరికి మీ మేనేజరు గదిలో ఎవరో తొందరపెడుతున్నారు. "బాగున్నావా?" అన్నారు. "బాగున్నాను" అన్నాను. అయిపోయింది. హాల్లో నిలబడి ఫోను పట్టుకుంటే నాకు గొంతు పెగలదని మీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకోండి.

మీ డిస్కస్ చేపలు ఆరూ బతికే ఉన్నాయి. కానీ బతికున్నవాటిలా లేవు. దుకాణంలో చూసినప్పుడు రంగు వేసిన పళ్ళేల్లా ఎంత బాగున్నాయి! ఇప్పుడు మసిబట్టిన గిన్నెల్లా అయ్యాయి. ఆరూ ఫిల్టరు గొట్టం వెనక ఇరుక్కుని, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటున్నాయి. లైటు వేస్తే అద్దానికి తల కొట్టుకుంటున్నాయి. మేత వేస్తే కన్నెత్తి చూడవు. వేసిన గోళీలు నా ముందే నానిపోయి అడుక్కి దిగిపోతున్నాయి. ఏం చెయ్యాలో తెలియడం లేదు. వాటిని తొట్టిలో వదిలిన మర్నాడే మీరు పడవెక్కేశారు కదా.

సెలవంతా ఆ తొట్టి బిగించడంతోనే సరిపోయింది మీకు. దాన్ని పెట్టడానికి కిటికీ పక్క నుంచి నా మంచం జరిపించారు, నేనేం అనలేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. అక్కడ క్వార్టర్సుకి అర్జీ పెడతానన్నారు, మనిద్దరం అక్కడే ఉందామన్నారు. పెట్టారా?

ఇక్కడ మామూలే. పొద్దున్న అత్తయ్య ఆసుపత్రి దుప్పట్ల గదిలో పనికి వెళ్తుంది. ఆమె వచ్చాక మధ్యాహ్నం నేను చొక్కాలకి బొత్తాలు కుట్టడానికి బొత్తాల షెడ్డుకి వెళ్తాను.

మీ భార్య


క్యాంపు, క్రేను షెడ్డు

పిచ్చుకా,

సామాన్ల పడవలో నీ ఉత్తరం వచ్చింది. కంగారు పడకు. చేప నల్లబడిందంటే భయపడిందని అర్థం. కొత్త ఇల్లు కదా. కాపురానికి వచ్చిన కొత్తలో నువ్వు మాత్రం వంటింటి తలుపు వెనక నిలబడలేదూ? ఇదీ అంతే.

శ్రద్ధగా చదువు. డిస్కస్ అంటే చేపల్లో మహారాజు. మా ఇంజినీరు గారి ఇంట్లో తొట్టి చూశాక నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము. మేత కొంచెం కొంచెంగా, రోజుకి నాలుగుసార్లు వెయ్యి. తినకుండా వదిలేసింది వెంటనే గొట్టంతో లాగెయ్యి, నీళ్ళు పాడవుతాయి. ఫ్రిజ్‌లో ఎర్రపురుగులు గడ్డకట్టించిన అచ్చు ఉంది, చిన్న ముక్క కరిగించి పెట్టు. కుళాయి నీళ్ళు నేరుగా పొయ్యకు. డాబా మీద డ్రమ్ములో పట్టి ఉంచి, మర్నాడు తొట్టి నీళ్ళంత వెచ్చగా చేసి పొయ్యి. ఇప్పుడు తిండి మానేశాయి గనక గుప్పెడు కల్లుప్పు కరిగించి వెయ్యి, హీటరు మర ఒక గీత పెంచు.

అర్జీ ఇంకా పెట్టలేదు. ఉన్నమాట చెప్తాను. పొద్దంతా నేను క్రేను మీద ఉంటాను. ఇక్కడ నీకు తోడెవరూ ఉండరు. దుకాణంలో నోరు తెరిచి ఏదీ అడగలేవు, గుమ్మంలోకి ఎవరన్నా వస్తే లోపలికి పరిగెడతావు. ఒక్కదానివి ఇల్లు నిభాయించగలవని నాకు నమ్మకం కుదరాలి. ఆ చేపల్ని బతికించి చూపించు. అప్పుడు అర్జీ పెడతాను.

ఇంకో మాట. నేను ఇవన్నీ నీకు రాస్తున్నట్టు అమ్మకి చెప్పకు. ఇంట్లో అన్నీ తన చేతిలోనే ఉన్నాయని అనుకుంటోంది, అనుకోనీ. క్వార్టర్సు ఊసు అసలే ఎత్తకు. పెద్దావిడ, నొచ్చుకుంటుంది.

నీ
క్రేను మహారాజు


ఇంటి నుంచి, వెనక గది

ఏమండీ,

మీ ఉత్తరం షెడ్డులో టీ వేళ చదివాను. మడిచి పెట్టి, మళ్ళీ తీసి చదివాను. ఒళ్ళు మండిపోయింది. పక్కన కూర్చుని కాజాలు కుట్టే అక్క నా మొహం చూసి, "ఏంటే, మీ ఆయన అక్కడ ఇంకోదాన్ని చూసుకున్నాడా?" అంది.

"లేదక్కా. నాకు పరీక్ష పెట్టాడు" అన్నాను.

"మార్కులు ఎవరేస్తారు?"

"చేపలు."

షెడ్డంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు.

ఒక్కదాన్ని ఇల్లు నిభాయించగలనో లేదో మీకింకా తెలియదా? పోయినేడు అత్తయ్య జారిపడి మంచాన ఉన్నప్పుడు ఆమెని ఎత్తి కూర్చోబెట్టింది ఎవరు? పైపు పగిలి వంటిల్లు చెరువైతే వీధి చివరిదాకా పోయి ప్లంబర్ని పిలుచుకొచ్చింది ఎవరు? నోట్లోంచి మాట రాకపోయినా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మీరు వచ్చి పైపు చూసి "ఎవరు బిగించారు, బాగుందే" అన్నారు. నేను చెప్పలేదు. చెప్పాల్సింది.

చేపల మీద నాకు కోపం లేదు. పాపం, ఇక్కడికి వస్తారా అని వాటినీ ఎవరూ అడగలేదు. తొట్టికి మూడు వైపులా పాత దుప్పటి కట్టాను. లైటు ఆర్పేసి, కదలకుండా కూర్చున్నాను. కదలకుండా కూర్చోవడం నాకు బాగా వచ్చు కదా. రోజూ అలా కూర్చోగా కూర్చోగా నిన్న ఒకటి బయటికొచ్చింది. ఎర్రపురుగు దగ్గరికి వచ్చి, పక్కకి వాలి చూసి, నోట్లో వేసుకుని, ఉమ్మేసి, మళ్ళీ తీసుకుంది. సంతకం పెట్టే ముందు కాగితం అటూ ఇటూ తిప్పి చూసే ఆఫీసరులా ఉంది. దానికి గుమాస్తా అని పేరు పెట్టాను. దాన్ని చూసి ఇంకో రెండు వచ్చాయి. నా గుండె ఎలా కొట్టుకుందో మీకు రాసినా తెలియదు.

పురుగుల అచ్చు చూసి అత్తయ్య, "ఇక ఈ ఇంట్లో ఐసు ముక్క నోట్లో వేసుకునే యోగం లేదన్నమాట" అని ఫ్రిజ్ తలుపు గట్టిగా వేసింది. ఉప్పు వేశాను. మర ఒక గీత పెంచాను. ఆమెకి చెప్పలేదు. ఆమె ఇంట్లో ఉంటే తొట్టి దగ్గరికి వెళ్ళడం లేదు. నా గదిలో నేనే దొంగనయ్యాను. మీకిది బాగుందా?

మీ భార్య


క్యాంపు, క్రేను షెడ్డు

ఇంటావిడకి,

ఉత్తరం నిండా దెప్పిపొడుపులే. పైపు సంగతి ఇప్పుడెందుకు?

నీళ్ళు తెల్లగా మసకేశాయని అమ్మ ఫోనులో చెప్పింది. అంటే నువ్వు ముద్దుకొద్దీ మేత కుమ్మరిస్తున్నావు. పేర్లు పెట్టి కబుర్లు చెప్పుకోవడానికి అవి చుట్టాలు కావు. వాటి మలం కూడా తెల్లగా దారంలా వేలాడుతోందట. కడుపులో తేడా చేసిందన్నమాట. మళ్ళీ గుప్పెడు ఉప్పు వెయ్యి. మర ఇంకో గీత పెంచు. మేత సగం చెయ్యి. చెప్పింది చెప్పినట్టు చెయ్యి, సొంత తెలివి వాడకు.

పనిలో ఉన్నాను. ఇక్కడ గాలులు ఎక్కువయ్యాయి.

నేనే


ఇంటి నుంచి, వెనక గది

ఏమండీ,

ఒక చేప చచ్చిపోయింది. గుమాస్తా.

సొంత తెలివి వాడలేదు. మీరు చెప్పినట్టే ఉప్పు వేశాను, మర తిప్పాను, మేత సగం చేశాను. నిన్న పొద్దున్నకి ఆరూ నీళ్ళ పైకి వచ్చి, నోళ్ళు తెరిచి, ఎగశ్వాస తీస్తున్నాయి. గుమాస్తా ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని గాలి బుడగలు వచ్చే చోట నిలబెట్టాను. వదిలితే ఒరిగిపోయేది. పట్టుకుంటే నిలబడేది. షెడ్డుకి వెళ్ళలేదు. చెయ్యి తిమ్మిరెక్కి, వేళ్ళు నాని ముడతలు పడేదాకా పట్టుకున్నాను. చివరికి పట్టుకున్నా నిలబడలేదు.

నాకు ఏడుపు రాలేదండీ. కోపం వచ్చింది. ఎందుకో వినండి.

నేను వేసే మేత నా గోటి మీద పట్టేంత. మిగిలితే అక్కడికక్కడే గొట్టంతో లాగేస్తున్నాను. అడుగు అద్దంలా పెట్టి షెడ్డుకి వెళ్తే, తిరిగొచ్చేసరికి తెల్లగా ఉబ్బిన గోళీలు కనిపిస్తున్నాయి. నేను వెయ్యని మేత అడుక్కి ఎలా వచ్చింది? మర నేను తిప్పింది రెండుసార్లు. నీళ్ళలో చెయ్యి పెడితే స్నానానికి కాచినట్టున్నాయి. హీటరు చెడిందా అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

మధ్యాహ్నం ఈ ఇంట్లో ఉండేది అత్తయ్య ఒక్కతే. గుమాస్తాని పాత గుడ్డలో చుట్టి పెరట్లోకి తీసుకెళ్తుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసింది, ఒక్క మాట అనలేదు. రోజూ చెంచా కింద పడితే పదిమాటలు అనే మనిషి! నేను ఈ పరీక్ష తప్పాలని ఆమెకి ఉందేమో. నేను వెళ్ళిపోతానని ఆమెకి ఎలాగో తెలిసిందేమో. ఇలా రాయడం నాకే అసహ్యంగా ఉంది. కానీ అనుమానం వచ్చాక ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆమె వడ్డిస్తే తినలేకపోతున్నాను. మీరు ఆమెని అడగండి. నేను అడగలేను.

మీ భార్య


క్యాంపు, క్రేను షెడ్డు

మా అమ్మ మీద అభాండం వేస్తావా?

ఆవిడ ఆ తొట్టి ఛాయలకే పోదు. దుప్పట్లు మోసి మోసి ఇంటికొచ్చి నడుం వాల్చే మనిషికి నీ చేపల మీద కక్షా? చేతకాకపోతే చేతకాలేదని ఒప్పుకో. తప్పు ఇంకొకరి మీదికి తొయ్యకు. ఒక మూగ ప్రాణిని చూసుకోలేనిదానివి ఇక్కడికొచ్చి ఏం కాపురం వెలగబెడతావు?

అర్జీ గడువు ఈ నెలాఖరు. నాతో పనిచేసే వెల్డరు ఆ క్వార్టరుకి తను పెట్టుకుంటానంటున్నాడు, పెట్టుకోమన్నాను. ఇక క్వార్టర్సు ఊసు నా దగ్గర ఎత్తకు.

మిగిలినవి అయినా దక్కించు.


ఇంటి నుంచి, హాలు

క్రేను మాస్టారికి,

ఈ ఉత్తరం హాల్లో కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా అత్తయ్య కూర్చుంది. ఎందుకో చదవండి.

మొన్న షెడ్డులో కరెంటు పోయి మమ్మల్ని తొందరగా పంపేశారు. చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా లోపలికి వచ్చాను. అవును, పట్టుకుందామనే వచ్చాను. గదిలో అత్తయ్య స్టూలెక్కి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, మోచేతిదాకా తొట్టిలో చెయ్యి పెట్టి హీటరు మర తిప్పుతోంది. స్టూలు పక్కన ఉప్పు డబ్బా.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

ఇంతవరకూ ఆమెని అంత గట్టిగా ఏదీ అడగలేదు. ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. గోడా, నా దుప్పటీ, మేమిద్దరమూ తడిసిపోయాం.

"ఏం చేస్తున్నానా? నీకు చేతకాని పని చేస్తున్నా. నీ మొగుడినడుగు పో."

"ఆయన మీరు తొట్టి జోలికే రారని రాశారు."

"వాడు రాశాడా?" స్టూలు దిగింది. "ప్రతి ఆదివారం ఫోనులో నా ప్రాణం తీస్తున్నది ఎవడనుకున్నావ్? 'అమ్మా, గుప్పెడు ఉప్పెయ్యి. అమ్మా, మర ఒక గీత పెంచు. సాయంత్రం చిటికెడు మేత నువ్వే వెయ్యి, దానికి తెలియదు' అని. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. 'పిల్ల నొచ్చుకుంటుందమ్మా' అన్నాడు."

నేను మీ ఉత్తరాలు తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాను. కళ్ళజోడు దించుకుని చదివింది. ఒక చోట ఆగి, ఆ ముక్క మళ్ళీ పైకి చదివింది. "పెద్దావిడ, నొచ్చుకుంటుంది."

"అంటే ఉప్పు రెండేసి గుప్పెళ్ళు పడిందా?"

"పడింది."

"వేడి?"

"మీరూ పెంచారు, నేనూ పెంచాను."

"మేత?"

"ఇద్దరం వేశాం."

"చేప మాత్రం ఒక్కసారే చచ్చింది" అంది అత్తయ్య. అని స్టూలు మీద కూలబడింది.

అది చచ్చిన రోజు ఆమె గుమ్మంలో ఎందుకు మాట్లాడలేదో తెలుసా? తన చేతుల మీదుగానే పోయిందని భయపడింది. నాకు ఎలా చెప్పాలో తెలియక నోరు మూసుకుంది. నేను ఆమెని హంతకురాలిని చేసి మీకు ఉత్తరం రాశాను. మీరు నిజం తెలిసి కూడా, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఆ తొట్టి ఛాయలకే పోదు" అని రాశారు. నన్ను తిట్టారు. నన్ను కాపురానికే పనికిరావన్నారు.

నా మీద నమ్మకం లేక ఆమెకి చెప్పారు. ఆమె మీద నమ్మకం లేక నాకు చెప్పారు. ఒకరి నుంచి ఒకరికి దాచమన్నారు. పైగా అది దయ అనుకున్నారు! అంత ఎత్తున కూర్చుని ఇనప దూలాలు దించుతారే, కింద ఇద్దరు నిలబడి ఒకడు ఎత్తమని, ఒకడు దించమని చెయ్యి ఊపితే ఏమవుతుందో మీకు తెలియదా? మీరే ఓసారి చెప్పారు, సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలని. క్రేనుకి ఉన్న నియమం ఇంటికి లేకపోయిందా?

ఇప్పుడు తొట్టి గురించి మేం అనుకున్నది ఇది. పొద్దున్న నాది, సాయంత్రం అత్తయ్యది. ఎవరు ఏం చేసినా రెండోవాళ్ళకి నోటితో చెప్పాలి. వేడి ఒక్కసారిగా తగ్గిస్తే తట్టుకోలేవని దుకాణం అతను చెప్పాడు. అవును, దుకాణానికి వెళ్ళాను, నోరు తెరిచి అడిగాను. కొంచెం కొంచెంగా దించుతున్నాం. రోజూ కాస్త నీళ్ళు తీసి, డ్రమ్ము నీళ్ళు వెచ్చబెట్టి పోస్తున్నాం. బకెట్లు నేను తెస్తే గొట్టం ఆమె పట్టుకుంటోంది. అయిదూ పైకి రావడం మానేశాయి. రెండింటికి రంగు తిరిగొచ్చింది.

మీరు మాత్రం ఇక చేపల గురించి మాకు ఏమీ చెప్పకండి.

బొత్తాల షెడ్డు మనిషి


క్యాంపు, క్రేను షెడ్డు

పిచ్చుకా,

నీ ఉత్తరం తిన్నగా గుండెలో దిగింది. ఆదివారం ఫోను చేస్తే అమ్మ "రాంగు నంబరు" అని పెట్టేసింది. కన్నకొడుకు గొంతు రాంగు నంబరా! వెల్డరుకి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వాడు.

మంచికే చేశాననుకున్నాను. ఒకరు మరిచిపోయినా ఇంకొకరు చేస్తారని. అది తప్పే. నీకు రాసిన ఆ ఉత్తరం, అమ్మ గురించి, అది రాయకుండా ఉండాల్సింది. నువ్వు నాకన్నా కోపిష్టివని ఇన్నాళ్ళూ తెలియలేదు. ఎక్కడ దాచావు అంత కోపం?

మంచి కబురు. గడువు లోపలే అర్జీ పెట్టేశాను. వెల్డరుతో గొడవపడి మరీ పెట్టాను. క్వార్టరు మంజూరైంది, తాళంచెవి నా జేబులోనే ఉంది. రెండు గదులు, వంటింటికి కిటికీ. అయిదు చేపలు బతికించావు కదా, నువ్వు నెగ్గినట్టే. ఈసారి సామాన్ల పడవకి వచ్చెయ్యి.

అమ్మకి మాత్రం నాలుగు రోజులు చూసొస్తానని చెప్పు. ఇక్కడే ఉండిపోతావని ఇప్పుడే చెప్పకు. తర్వాత మెల్లగా నేను చెప్తాను. లేకపోతే నొచ్చుకుంటుంది.

నీ
మహారాజు


ఇంటి నుంచి, హాలు

ఏమండీ,

మీ ఉత్తరం వచ్చేసరికి అత్తయ్య తొట్టి అద్దం తుడుస్తోంది. "ఏం రాశాడు?" అంది. పైకి చదివాను. రాంగు నంబరు దగ్గర నవ్వింది. తాళంచెవి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. నేనూ ఆగాను. కింది నాలుగు ముక్కలు మింగెయ్యొచ్చు. మడిచి జేబులో పెట్టుకుని, "ఇంతే అత్తయ్యా" అంటే సరిపోతుంది. చక్కగా పడవెక్కొచ్చు.

చదివాను. చివరి అక్షరం దాకా.

అత్తయ్య గుడ్డ పిండి, ఆరేసి, వచ్చి కూర్చుంది. "కోడలు కొడుకు దగ్గరికి పోతే నొచ్చుకునేంత పిచ్చిదాన్నా నేను? పొమ్మని నేనే చెప్పేదాన్ని కదే. నన్ను మోసం చేసి తీసుకెళ్ళాలా?" అంది. ఏడవలేదు. అరిచింది. పక్కింటివాళ్ళు కిటికీ తీశారు. ఆమె వాళ్ళ మీద కూడా అరిచింది.

తర్వాత నా వైపు తిరిగి, "వెళ్తావా?" అంది.

"వెళ్ళాలనే ఉంది అత్తయ్యా" అన్నాను. "ఇలా మాత్రం వెళ్ళను."

వినండి. నేను ఏదీ నెగ్గలేదు. చేపలు బతికాయి గనక నేను కాపురానికి పనికొస్తానంటే, రేపు ఇంకో చేప చస్తే నన్ను తిరుగు పడవ ఎక్కిస్తారా? ఆ మార్కులు నాకొద్దు. మీతో ఉండాలని నాకుంది. రాత్రీ పగలూ అదే ఉంది, రాయడానికి సిగ్గుపడను. కానీ ఆ రెండు గదుల్లోనూ మీరు నాకో మాట, అత్తయ్యకో మాట చెప్తూ ఉంటే, వంటింటికి ఎంత పెద్ద కిటికీ ఉన్నా నాకు ఊపిరాడదు.

చేపల బాధ్యత అత్తయ్య తీసుకుంటానంది. ఆమె దగ్గరే ఉంటాయి. దుప్పట్ల గదిలో పనిచేసే ఇద్దరు స్నేహితురాళ్ళు సాయంత్రాలు చూడటానికి వస్తున్నారు కూడా. ఆమె గురించి మీరు బెంగపడక్కర్లేదు.

మీరు ఒక ఉత్తరం రాయాలి. ఒకటే. పైన మా ఇద్దరినీ కలిపి పిలవాలి. భార్య వచ్చి నాతోనే ఉంటుంది, నాలుగు రోజులకి కాదు, అని అందులో మీ చేత్తో మీ అమ్మకి రాయాలి. నాకు దాచిందీ, ఆమెకి దాచిందీ అందులోనే ఉండాలి. అది వచ్చిన రోజు పెట్టె సర్దుకుంటాను. ఎత్తి బండిలో పెట్టేది నేనేనంటోంది అత్తయ్య.

రాకపోతే ఆ తాళంచెవి మీ జేబులోనే ఉండనివ్వండి. తలుపు మీరే తీసుకోండి, మీరే వేసుకోండి.

మీ భార్య

పైదంతా నేను విన్నాను. ఒక్క ముక్క కూడా తీసెయ్యమనలేదు.
మీ అమ్మ